ఎత్తి పోసుకోలేని ఊపిరి

మా ఇంట్లో ఎవరూ కుర్చీకి వీపు ఆనించి కూర్చోరు. గ్లాసు పెదాలకు తగిలించి నీళ్ళు తాగరు. వంశధార ఒడ్డున మా ముత్తాతగారి నాటి భూములు, గుర్రపు బండి, కచేరీ సావిడి అన్నీ పోయాక మాకు మిగిలినవి ఈ రెండు అలవాట్లే. ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ మమ్మల్ని దివాణం వారంటారు. దివాణం ఉన్న చోట ఇప్పుడు ఎరువుల గోదాము ఉంది. నేను సహకార బ్యాంకులో గుమస్తాగా చేసి రిటైరయ్యాను. అన్నేళ్ళ ఉద్యోగంలో ఆ బ్యాంకు కుర్చీకి నా వీపు ఎలా ఉంటుందో తెలియదు.

పోయిన ఏడాది జబ్బు చేసినప్పుడు ఈ రెండింటిలో ఒకటి నాకు బాగా పనికొచ్చింది. రెండోది నా వైద్యానికే అడ్డం పడింది. నాలాంటి పట్టుదల మనుషులు ఇంకా కొందరు ఉంటారనీ, వాళ్ళలో ఎవరో ఒకరు ఎప్పుడో ఆసుపత్రి బల్ల మీద నాలాగే నిటారుగా కూర్చుంటారనీ అనిపించి ఇది రాస్తున్నాను.

*కార్తీకం*

దగ్గు అంతకు ముందే మొదలైంది. నలుగురిలో దగ్గడం మర్యాద కాదు కనుక ఉత్తరీయం అడ్డు పెట్టుకునేవాణ్ణి. ఒక రోజు ఆ పొందూరు ఖద్దరు మీద ఎర్రటి చుక్క కనబడింది. మడిచి అలమరలో అడుగున పెట్టాను. ఇంట్లో బట్టలు ఉతికేది నా భార్య పద్మావతి. ఆ చుక్క ఎంతకాలం దాగుతుంది? ఆవిడ ఆ ఉత్తరీయాన్ని ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, నా భుజం మీద వేసి, "పదండి, బస్సుకి వేళైంది" అంది.

ఆసుపత్రి భోగాపురం దాటాక హైవే పక్కన ఉంది. కొత్త విమానాశ్రయం కోసం మట్టి లారీలు వెళ్ళిన దారిలోనే మేమూ వెళ్ళాం. అక్కడ జరిగిన పరీక్షలన్నీ ఏకరువు పెట్టను. చివరికి తేలింది ఒక్కటే మాట. కుడి ఊపిరితిత్తిలో కాన్సరు. కోసి తీయడానికి వీలైన చోట లేదు. రేడియేషను పూర్తి మోతాదులో ఇచ్చి, దాంతో పాటు మందు ఎక్కిస్తే నయం చేయగలమన్న ఆశ ఉందని డాక్టరమ్మ చెప్పారు. సన్నగా, చురుగ్గా ఉంటారావిడ. ఎదుటివాడు భయపడుతున్నాడని తెలిస్తే గొంతు తగ్గించి, మాటలు మాత్రం తగ్గించకుండా చెబుతారు.

ఆ రోజే ఇంకో విషయం కూడా చెప్పారు. కిరణాలు గడ్డ మీద పడేటప్పుడు చుట్టూ ఉన్న మంచి ఊపిరితిత్తి మీద కూడా కొంత పడతాయి. చికిత్స అయిపోయిన కొన్ని వారాలకో నెలలకో కొందరికి అక్కడ వాపు వస్తుంది. ఎక్కువమందికి తేలిగ్గా పోతుంది. కొందరికి ప్రాణం మీదికి తెస్తుంది. ఎవరికి రావచ్చో ముందే ఒక అంచనా వేస్తారు. గడ్డ ఎక్కడ ఉంది, మంచి భాగం ఎంత తగులుతుంది, వయసెంత, పొగ తాగాడా, ఊపిరి బలం ఎంత అనేవన్నీ కలిపి చూస్తారు. ఆ అంచనాను బట్టే ఎంత ఇవ్వాలో, ఎటు నుంచి ఇవ్వాలో నిర్ణయిస్తారు. అందుకోసం ఊపిరి పరీక్ష ఒకటి చేయించుకు రమ్మన్నారు.

నేను పొగ తాగాను. మా తాతగారి చుట్టల పెట్టె నా చేతికి వచ్చిన రోజు నుంచి పదేళ్ళ కిందట మానేసే దాకా తాగాను. ఆ సంగతి డాక్టరమ్మకు దాచలేదు.

*మార్గశిరం*

ఊపిరి పరీక్ష గదిలోకి రోగి తప్ప ఎవరూ రాకూడదట. పద్మావతి బయటే ఆగిపోయింది. లోపల ఒక అమ్మాయి నా ముక్కుకు బట్టల క్లిప్పు లాంటిది తగిలించి, చేతికి గొట్టం ఇచ్చి, గట్టిగా గాలి పీల్చి ఒక్కసారిగా ఊదమంది. మూతి బిగించి పట్టుకోమని కూడా చెప్పింది. ఎంతమంది ఊదారో తెలియని గొట్టం అది. నేను దాన్ని చేతితో పట్టుకుని, పెదాలకు అంగుళం ఎడంగా ఉంచి, మర్యాదగా ఊదాను. అమ్మాయి ఇంకా, ఇంకా అంటోంది. పరాయి ఆడపిల్ల ముందు బుగ్గలు పూరించి బుసలు కొట్టడం నా వల్ల కాలేదు. మళ్ళీ ఊదించింది. మళ్ళీ అలాగే ఊదాను. ఆ అమ్మాయి నా మొహం వైపు ఒకసారి చూసి, పెద్దాయనకు మళ్ళీ చెప్పడానికి మొహమాటపడి కాగితం మీద ఏదో రాసుకుంది. ఊదే శక్తి చాలడం లేదని రాసిందని తర్వాత తెలిసింది.

నా తర్వాత లోపలికి వెళ్ళినాయన అప్పలరాజు. కళింగపట్నం మనిషి. చిన్నప్పుడు తండ్రితో సముద్రం మీద చేపల వేటకు వెళ్ళినవాడు ఇప్పుడు చేపల వ్యాపారంలో బాగా సంపాదించాడు. ఆయనకీ నా జబ్బే. గది తలుపు మూసి ఉన్నా ఆయన ఊదిన చప్పుడు బయటికి వినబడింది. బయటికొచ్చి నా పక్కన కూర్చుని, తాను దివాణం బాబుగారిని ఎరుగుదుననీ, తన తాత మా లోగిలికి చేపలు తెచ్చేవాడనీ చెప్పి నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను.

వారం తర్వాత డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. మిగతావన్నీ ఒక ఎత్తు, ఊపిరి పరీక్ష ఒక ఎత్తు. ఇంత బలహీనమైన ఊపిరితిత్తి మీద పూర్తి మోతాదు పెడితే దెబ్బతినే అవకాశం చాలా ఎక్కువ. మోతాదు తగ్గించాలి. తగ్గిస్తే గడ్డ పూర్తిగా పోతుందని అనుకోలేం. తోటి డాక్టర్లతో కూడా మాట్లాడి చెబుతానన్నారు.

సముద్రం పక్కన పుట్టినవాణ్ణి. ఆవిడ మాట్లాడుతుంటే నా చెవికి చిన్నప్పటి రేడియోలో తుఫాను వార్త వినబడింది. కళింగపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారు.

బయటికొచ్చి, హైవే పక్క టీ బడ్డీ దగ్గర బల్ల మీద కూర్చున్నాం. అప్పలరాజు కూడా అక్కడే ఉన్నాడు. ఆయన అంచనా బాగా వచ్చిందట. మా సంగతి పద్మావతి చెప్పింది. నేనైతే చెప్పేవాణ్ణి కాదు. మూడో నంబరు మాట మాత్రం నా నోట వచ్చింది. అప్పలరాజు నవ్వలేదు.

"నంబరు ఎగరేసినంతలో తుఫాను వొచ్చీసినట్టు కాదు బాబూ. పడవలు పైకి లాక్కోండర్రా అని సెప్పడం, అంతే. మా నాయన నంబరు సూసి ఏడవడం నానెప్పుడూ సూణ్ణేదు. తాడు తెమ్మనీవోడు."

ఆ మాట నాకు నచ్చింది. కానీ లాక్కోవడానికి పడవ ఏదో, తాడు ఎక్కడుందో తెలియలేదు. నేను నిటారుగా కూర్చుని, కాగితం కప్పులో టీని జానెడు ఎత్తు నుంచి నోట్లోకి పోసుకున్నాను. వేడి టీని అలా తాగడం అందరికీ రాదు. నాకు వచ్చు.

పద్మావతి తన కప్పు కింద పెట్టింది. నా చెయ్యి వైపు, నా నోటి వైపు మార్చి మార్చి చూసింది.

"ఏవండీ, ఆ ఊదీ గొట్టం ఎక్కడ పట్టుకున్నారు?"

పట్టుకోవలసిన చోటే పట్టుకున్నానన్నాను.

"నోట్లో పెట్టేరా?"

నేను రోడ్డు మీద పోతున్న లారీని చూశాను.

"నోట్లో పెట్టేరా అని అడుగుతున్నాను."

"పదిమంది నోట్లో పెట్టుకున్న గొట్టం..."

"మనిషి మనిషికీ కొత్త మూతి ఏస్తారు బాబూ, అట్ట మూతి," అన్నాడు అప్పలరాజు. "నాను పళ్ళతో పట్టీసినాను." ఆ తర్వాత ఆయనకు విషయం అర్థమైంది. మొహం పక్కకి తిప్పుకుని, భుజాలు కదిలేలా నవ్వాడు. "నీళ్ళు ఎత్తి పోసుకున్నట్టు గాలి కూడా ఎత్తి పోసీసినారేటి బాబూ?"

పద్మావతి నవ్వలేదు. పెళ్ళయిన నాటి నుంచి నా ఎదురుగా గొంతెత్తని మనిషి. అప్పుడూ ఎత్తలేదు.

"అన్నేళ్ళు చుట్ట నోట్లో పెట్టుకున్నప్పుడు ఈ పెదాలు ఎక్కడికెళ్ళేయి?"

నా చుట్ట నా ఎంగిలే కదా అని చెప్పబోయాను. ఆ మాట ఆ బల్ల మీద కూర్చుని అనవలసింది కాదని తోచి మింగేశాను. ఆవిడ అప్పటికే లేచి, కొంగు నడుముకు దోపి, ఆసుపత్రి గేటు వైపు నడుస్తోంది. మా కాపరంలో నేను ఆవిడ వెనక నడిచిన మొదటి సందర్భం అది.

డాక్టరమ్మ విన్నారు. పరీక్ష గదికి ఫోను చేసి, మళ్ళీ ఊదించమనీ, ఈసారి భార్యను కూడా లోపలికి రానివ్వమనీ చెప్పారు.

ఆ రెండో పరీక్ష గురించి ఉన్నదున్నట్టు రాస్తాను. అమ్మాయి నా కళ్ళెదుటే కాగితం చింపి కొత్త అట్ట మూతి తీసి బిగించింది. నేను కళ్ళు మూసుకుని దాన్ని పెదాల మధ్య పెట్టుకున్నాను. రుచి ఏమీ లేదు. పాత పుస్తకం అట్టలా ఉంది. ముక్కుకు క్లిప్పు, నోట్లో గొట్టం, మెడ మీద నరాలు తేలేలా ఊదుడు. మా ముత్తాతగారి వంశంలో ఎవరూ అలాంటి భంగిమలో ఒకరి కంట పడి ఉండరు. అమ్మాయి ఊదండి ఊదండి అంటోంది. పద్మావతి కూడా అందుకుంది. ఆఖరి గాలి అయిపోయాక కూడా ఇంకా ఉందని ఇద్దరూ ఒప్పుకోలేదు. మూడోసారికి నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. పద్మావతి మొహం తిప్పుకుని ఉంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోందట.

అంచనా మళ్ళీ వేశారు. ప్రమాదం లేదని అనలేదు. పొగ తాగినవాణ్ణి, వయసైనవాణ్ణి, గడ్డ చోటు కూడా అంత మంచిది కాదు. కానీ పూర్తి మోతాదు ఇవ్వవచ్చు. మంచి భాగం మీద తక్కువ పడేలా కిరణాల దారులు మార్చి గీస్తామన్నారు. తర్వాత నెలల తరబడి కనిపెట్టి ఉండాలన్నారు. బయట అప్పలరాజు అడిగితే, మూడో నంబరు దించి ఒకటో నంబరు ఎగరేశారని చెప్పాను.

"ఒకటికి వేటకెళ్ళిపోతాం బాబూ," అన్నాడాయన.

*పుష్యం, మాఘం*

సెలవు రోజులు తప్ప రోజూ వెళ్ళాలి. వెనక తాళ్ళు కట్టుకునే ఆకుపచ్చ గౌను వేసుకోమన్నప్పుడు ఇంక నాకు పోవడానికి ఏ పరువూ మిగల్లేదనుకున్నాను. బల్ల మీద చేతులు తల పైకి పెట్టి, కదలకుండా, చెప్పినప్పుడు గాలి పీల్చి బిగబట్టి పడుకోవాలి. చాలామందికి కష్టం అదేనట. నడుం నొప్పి అనీ, దురద అనీ కదులుతారట. నేను కదల్లేదు. మిషను గదిలోని కుర్రాళ్ళు మైకులో, "బాబుగారూ, ఉన్నారా?" అని అడిగేవారు. ఇంత నిశ్చలంగా పడుకునే పేషెంటును చూడలేదన్నారొకరోజు. ఆ రోజు భోజనం బాగా రుచించింది. చిన్నప్పుడు వీపు వంచితే మా నాన్నగారు వెనక నుంచి వేలితో పొడిచేవారు. ఆయన ఏ పనికి నన్ను తయారు చేశారో ఆయనకూ తెలియదు.

తర్వాత తర్వాత భోజనం రుచించలేదు. మింగుతుంటే గొంతు కింద నిప్పు దిగినట్టుండేది. పద్మావతి మజ్జిగన్నం మెత్తగా పిసికి, చల్లార్చి, ఎదురుగా కూర్చునేది. ఆ రోజుల్లో ఇద్దరం విసుక్కున్నాం. ఉప్పు ఎక్కువైందని నేను, ఉప్పే వెయ్యలేదని ఆవిడ. నిజానికి ఇద్దరికీ భయం. భయమని చెప్పుకోవడం మా ఇద్దరికీ రాదు కనుక ఉప్పు మీద పెట్టి మాట్లాడుకునేవాళ్ళం.

వీపు మీద, రొమ్ము మీద చర్మం కందింది. పొందూరు నుంచి తెప్పించుకున్న సన్న ఖద్దరు తప్ప మరేదీ ఒంటి మీద ఓర్చుకోలేకపోయాను. గంజి పెట్టకుండా ఖద్దరు కట్టడం కూడా అదే మొదలు.

అప్పలరాజుకు కారుంది. మా దారే ఆయనది. మొదటి రోజు నుంచీ ఎక్కమంటున్నాడు. నేను బస్సులో వెళతానన్నాను. అడగకుండా ఇచ్చినది పుచ్చుకోవడం కన్నా లేకుండా గడుపుకోవడం మేలని మా ఇంట్లో అనుకునేవారు. బస్సులో చోటు దొరికితే సరే, దొరక్కపోతే నిలబడేవాణ్ణి. ఒక మధ్యాహ్నం ఆసుపత్రి మెట్ల మీద నా కాళ్ళు ఆగిపోయాయి. కూలబడలేదు. ఆగిపోయాయి, అంతే. అప్పలరాజు కారు వచ్చి ముందు నిలిచింది. నేను నా పాత మాట మళ్ళీ చెప్పేలోగా పద్మావతి వెనక తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది.

"మీరు బస్సుకి రండి," అంది లోపల్నుంచి. "నేను ఇంటికెళ్ళి వంట చూస్తాను."

ఎక్కాను. ఆ కారు సీటు మెత్తగా, లోతుగా ఉంది. అందులో వీపు ఆనించకుండా కూర్చోవడం ఎవరికీ సాధ్యం కాదు. రణస్థలం వచ్చేసరికి నిద్రపోయాను.

*వైశాఖం*

చికిత్స అయిపోయింది. గడ్డ బాగా తగ్గిందని చెప్పారు. నేను మళ్ళీ గంజి పెట్టిన ఖద్దరు కట్టాను. అప్పుడు దగ్గు తిరిగి వచ్చింది.

పొడి దగ్గు. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడేది. వీధి చివరి దాకా నడిచి వచ్చేసరికి ఆయాసం. ఆ మొదటి రోజు అరుగు మీద కూర్చుని ఉత్తరీయం వైపు చూసుకున్నాను. ఎర్రచుక్క లేదు. అయినా ఆ గంట నేను పడిన భయం ముందు పడిన భయాలన్నింటికన్నా పెద్దది. గడ్డ తిరిగి వచ్చిందనే అనుకున్నాను. మడిచి అలమరలో పెట్టే అలవాటు ఉన్నవాణ్ణి. దీన్నీ మడిచి పెట్టేవాణ్ణే. కానీ ఇలాంటిది రావచ్చని, వస్తే ఇలాగే ఉంటుందని, ఆ రోజే చెప్పమని డాక్టరమ్మ ముందే చెప్పి ఉన్నారు. నేనే లోపలికి వెళ్ళి పద్మావతికి చెప్పాను. ఆవిడ బస్సు వేళ చూడలేదు. అప్పలరాజుకు ఫోను చేసింది. నేను కాదనలేదు.

స్కాను తీశారు. డాక్టరమ్మ రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించారు. ఒకటి చికిత్సకు ముందు గీసిన కిరణాల దారి. రెండోది ఇప్పుడు వచ్చిన వాపు. అనుకున్న చోటే వచ్చింది. కాన్సరు కాదు, ఇన్ఫెక్షనూ కాదు. నేను ఆ రెండు బొమ్మలనూ చాలాసేపు చూశాను. ముందుగా చెప్పడమంటే భయపెట్టడమనే అప్పటిదాకా నా అభిప్రాయం. ఆ బల్ల ముందు అది మారింది. భయానికి పేరు, చోటు ముందే తెలిసి ఉంటే అది వచ్చిన రోజు తలుపు తీసి, నువ్వా అని అనగలుగుతాం.

"తొందరగా వచ్చారు," అన్నారు డాక్టరమ్మ. "చాలామంది వేడి చేసిందనుకుని మజ్జిగ తాగుతూ ఇంట్లో ఉండిపోతారు."

మాత్రలు ఇచ్చారు. సొంతంగా ఆపకూడదనీ, తాము చెప్పినట్టు నెమ్మదిగా తగ్గించుకుంటూ రావాలనీ గట్టిగా చెప్పారు. ఆ మాత్రలకు దగ్గు తగ్గింది, ఆయాసం తగ్గింది. ఆకలి మాత్రం భూతంలా పట్టుకుంది. బుగ్గలు ఉబ్బాయి, గడ్డం కింద ఇంకో గడ్డం వచ్చింది. మా ముత్తాతగారి తైలవర్ణ చిత్రం ఒకటి మా హాల్లో ఉంది. పద్మావతి నన్ను దాని కింద నిలబెట్టి, కాస్త వెనక్కి వెళ్ళి చూసి, "దివాణం దర్జా ఇన్నాళ్ళకి మొహంలోకి వచ్చిందండీ," అంది. చుట్టాలకు పంపడానికి ఫొటో కూడా తీసింది.

ఇక్కడ నాలాంటి వారికి ఒక మాట. ఊదమన్నప్పుడు ఊదండి. మూతి బిగించి ఊదండి. మీ ఊపిరి ఎంతో మీరు సరిగా చెప్పకపోతే వాళ్ళు కట్టే అంచనా మీది కాదు, మీ మర్యాదది. చికిత్స అయ్యాక నెలలు గడిచి దగ్గు వస్తే దాచకండి. అది ఏమిటో తేల్చడం మీ పని కాదు, వాళ్ళకి చెప్పడం మీ పని. ఎవరైనా కారు ఎక్కమంటే ఎక్కండి.

*ఆశ్వయుజం*

బుగ్గలు తగ్గాయి. ముత్తాతగారు గోడ మీదికి వెళ్ళిపోయారు. మొన్న ఊపిరి పరీక్షకు వెళ్ళినప్పుడు అదే అమ్మాయి. కొత్త అట్ట మూతి తీసి బిగిస్తూ నా వైపు చూసింది. నేను చెప్పించుకోకుండానే నోట్లో పెట్టుకున్నాను. చాలు, ఆపండి అనే దాకా ఊదాను. డాక్టరమ్మ స్కాను చూసి, వాపు తగ్గిందనీ, అక్కడ చిన్న మచ్చ మిగిలిందనీ, గడ్డ జాడ ఇప్పటికి లేదనీ చెప్పారు. మళ్ళీ మూడు నెలలకు రమ్మన్నారు. నీళ్ళు మాత్రం ఇప్పటికీ ఎత్తే పోసుకుంటాను. అన్నీ ఒకేసారి వదలడం నాకు చేతకాదు.

నిన్న గాలి మొదలైంది. అప్పలరాజు కూడా బాగున్నాడు. సాయంత్రం ఫోను చేశాడు. వెనక మనుషుల కేకలు, కెరటాల హోరు వినబడుతున్నాయి.

"మూడో నంబరు ఎగరేసీసినారు బాబూ. పడవలన్నీ పైకి లాగీసినాం. తమరి కాడ ఏ నంబరు?"

"దించేశారు," అన్నాను.

గాలి హోరు మించేలా గొంతు పెంచాడు.

"నిజవేనా? ఏదీ, ఊదండి సూద్దాం."

పద్మావతి గుమ్మంలో నిలబడి చూస్తోంది. అయినా బుగ్గలు పూరించి, ఫోనులోకి నా శక్తికొద్దీ ఊదాను.

"సాలు సాలు బాబూ," అన్నాడు. "లాగిన పడవలు మళ్ళీ నీళ్ళల్లోకి ఎళ్ళిపోతన్నాయి."

పద్మావతి వచ్చి, నా చేతిలోని ఫోనుకీ నా పెదాలకీ మధ్య తన వేలు పెట్టి చూసింది. అంగుళం ఎడం ఉందట.